కనుమనాడు రెండు కురుక్షేత్రాలు

"కనుమనాడు కాకి కూడా కదలదురా! కొత్తల్లుణ్ణి వెంటేసుకుని బెజవాడ ప్రయాణమేంట్రా?"

అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అరుస్తూనే ఉంది. గారెల పిండి అంటిన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మావయ్య అప్పటికే వీధి మలుపు దాటేశాడు. నాన్న మాత్రం అత్తగారి మాట తీసెయ్యలేక ఒక్క క్షణం ఆగాడు. "రాత్రికల్లా వచ్చేస్తామండీ" అని అబద్ధం చెప్పి, బావమరిది వెనకాల పరుగందుకున్నాడు.

1977 జనవరి 15. గుడివాడ దగ్గర చిన్న పల్లె. మా అమ్మా నాన్నల పెళ్ళయ్యాక వచ్చిన తొలి సంక్రాంతి.

ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఒక్కోసారి నాన్న చెప్పేవాడు, ఒక్కోసారి మావయ్య. ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టుకుని, సినిమాల సంగతులు విడిగా సరిచూసుకుని ఇప్పుడు రాస్తున్నాను.

ముందురోజు శుక్రవారం, పండగనాడు, ఒకే భారతం రెండు సినిమాలై విడుదలైంది. ఒకటి ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ'. రెండోది కృష్ణ 'కురుక్షేత్రం'. మొదటిదాంట్లో కర్ణుడూ ఎన్టీఆరే, దుర్యోధనుడూ ఎన్టీఆరే, శ్రీకృష్ణుడూ ఎన్టీఆరే. నిర్మాతా దర్శకుడూ కూడా ఆయనే. కొడుకుల్లో హరికృష్ణ అర్జునుడు, బాలకృష్ణ అభిమన్యుడు. అంత సినిమానూ 43 రోజుల్లో తీసేశారని అప్పట్లో వింతగా చెప్పుకున్నారు. రెండోదాంట్లో అర్జునుడు కృష్ణ, కర్ణుడు కృష్ణంరాజు, శ్రీకృష్ణుడు శోభన్‌బాబు.

నాన్నది తెనాలి వైపు ఊరు. కృష్ణ పుట్టిన బుర్రిపాలెం అక్కడికి సైకిలు మీద వెళ్ళొచ్చే దూరం. మావయ్యకు నిమ్మకూరు అంతే దగ్గర. ఎన్టీఆర్ పేరెత్తితే సర్దుకుని కూర్చునేవాడు. ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగిన కృష్ణమ్మ నీళ్ళు కొన్ని తూర్పు కాలువల్లో గుడివాడ, బందరు వైపు, కొన్ని పడమటి కాలువల్లో తెనాలి వైపు పారతాయి. ఆ పండక్కి మా కుటుంబంలో అభిమానం కూడా అలాగే పంపకమైంది. నిజానికి ఇద్దరు హీరోలకూ రెండు ఒడ్ల మీదా మనుషులున్నారు. మా ఇంట్లో మాత్రం గీత ఏటి వెంటే పడింది.

బందరు నుంచి వచ్చే పాసింజరు కిక్కిరిసి ఉంది. తలుపు దగ్గరే నిలబడ్డారు ఇద్దరూ.

"బావగారూ, మీ సినిమాలో ముగ్గురు హీరోలు చేసే పని మా ఆయన ఒక్కడే చేస్తున్నాడు. లెక్క చూసుకోండి."

"ముగ్గురికీ ఒకటే మొహమైతే ఎవరు ఎవరితో పోట్లాడుతున్నట్టోయ్ బావమరిదీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎవరో పెద్దాయన కలగజేసుకుని, "రెండూ చూసి మాట్లాడండయ్యా" అన్నాడట. అక్కడే పందెం కుదిరింది. మ్యాట్నీ కురుక్షేత్రం, సెకండ్ షో కర్ణ. ఓడినవాడు గాంధీనగరంలో బాబాయ్ హోటల్లో గెలిచినవాడికి తిన్నన్ని ఇడ్లీలు వెన్నతో పెట్టించాలి. కోడిపందేల రోజుల్లో అది చాలా చిన్న పందెం.

ఆ రైలు బయలుదేరిన బందరు నుంచే, 41 ఏళ్ళ కిందట, ఇలాంటి పోలికతోనే ఒక కుర్రాడి జీవితం మలుపు తిరిగిందని ఆ ఇద్దరికీ తెలియదు. కురుక్షేత్రం దర్శకుడు ఆయనే. కమలాకర కామేశ్వరరావు.

కామేశ్వరరావు గారు 1911 అక్టోబరు 4న బందరులో పుట్టారు. ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో నడిచే కృష్ణాపత్రికలో 'సినీఫాన్' అనే పేరుతో సినిమా విమర్శలు రాసేవారు. తెలుగు టాకీకి అప్పటికి అయిదేళ్ళయినా నిండలేదు. నాటకాన్ని తూచినట్టు సినిమానూ తూచవచ్చని, తూచాలని అనుకున్నవాళ్ళు చాలా తక్కువ. దేశం సంగతులూ సాహిత్యం సంగతులూ చర్చించే పత్రికలో పాతికేళ్ళ కుర్రాడు బొమ్మల గురించి శ్రద్ధగా రాయడం, పెద్దలు దాన్ని అచ్చువెయ్యడం, ఇవాళ తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

1936లో ద్రౌపది కథ రెండు సినిమాలుగా వచ్చింది. ఒకటి 'ద్రౌపదీ వస్త్రాపహరణం'. హెచ్.వి.బాబు దర్శకుడు, కన్నాంబ ద్రౌపది, యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు కృష్ణుడు. రెండోది 'ద్రౌపదీ మానసంరక్షణం'. అందులో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. సూర్యనారాయణ, రాఘవ ఇద్దరూ రంగస్థలం మీద కొమ్ములు తిరిగిన దుర్యోధనులే. జనం వెర్రెత్తిపోవడానికి ఇంకేం కావాలి?

ఆ కుర్రాణ్ణి నేను ఇలా ఊహించుకుంటాను. మొదటి బొమ్మ చూసి వచ్చాడు. రెండోదీ చూశాడు. నచ్చిన చోటు మళ్ళీ చూడటానికి మళ్ళీ టికెట్టు కొనుక్కున్నాడు. రాత్రి లాంతరు దగ్గర కూర్చున్నాడు. కాగితం మధ్యలో నిలువుగా గీత గీశాడు. ఇటొకటి, అటొకటి. ద్రౌపది చీర ఎవడు లాగుతాడో, ఎవరు ఆదుకుంటారో తెలియని ప్రేక్షకుడు ఆ హాల్లో ఒక్కడూ లేడు. కథ అందరికీ తెలిసిందే. కాబట్టి "తర్వాత ఏమైంది" అన్న ప్రశ్నే లేదు. మిగిలిందల్లా ఎలా చెప్పారు, ఎలా నిలబడ్డారు, ఎక్కడ మాట పలికింది, ఎక్కడ తేలిపోయింది, ఇంతే. సినిమాను సినిమాగా చూడటానికి అంతకన్నా మంచి అవకాశం మరొకటి ఉండదని నా నమ్మకం.

కాగితం, గీత నా ఊహ. రాసిన సంగతి మాత్రం చరిత్ర. రెండు సినిమాలనూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడ బాగుందో, ఎక్కడ బాగాలేదో ఆయన విడమరిచి రాశారు. వస్త్రాపహరణం గొప్పగా ఉందని తేల్చారు. జనం తీర్పూ అదే అయింది. రాఘవ అంతటి నటుడున్నా మానసంరక్షణం నిలవలేదు.

ఆ సమీక్షతో దారి తెరుచుకుని కామేశ్వరరావు గారు మద్రాసు చేరారు. వాహినీ వారి దగ్గర సహాయకుడిగా పని నేర్చుకున్నారు. 1954లో విజయా సంస్థకు తొలిసారి దర్శకత్వం చేసిన 'చంద్రహారం' దెబ్బతింది. 1962లో అదే విజయాకు 'గుండమ్మ కథ' తీసిచ్చారు. ఆ మరుసటి ఏడే 'నర్తనశాల'.

ఇక్కడ కాస్త ఆగాలి. బృహన్నలగా ఎన్టీఆర్, సైరంధ్రిగా సావిత్రి, కీచకుడుగా నూజివీడులో పుట్టిన ఎస్వీ రంగారావు. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో రంగారావు గారు ఉత్తమ నటుడు అనిపించుకున్నది ఆ కీచకుడితోనే. చీర కట్టి, గజ్జె కట్టి, ఆడనడకలో ఉంటూనే ఎన్టీఆర్ కళ్ళల్లో గాండీవం కనిపిస్తుంది. అది నటుడి ఘనత ఎంతో దర్శకుడి ఘనతా అంతే. ఎక్కడ ఆగాలో తెలిసిన దర్శకుడు. ఇందులో శ్రీకృష్ణుడు కాంతారావు, అభిమన్యుడు శోభన్‌బాబు. 1965లో 'పాండవ వనవాసం' తీసినప్పుడు ఎన్టీఆర్ భీముడయ్యారు, కృష్ణుడు మళ్ళీ కాంతారావే. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం'లో ఎన్టీఆర్ కృష్ణుడు. అంటే ఎన్టీఆర్‌ను అర్జునుడుగా, భీముడుగా, కృష్ణుడుగా నిలబెట్టిన దర్శకుడే, తన 65 ఏళ్ళ వయసులో, ఎన్టీఆర్ కర్ణుడికి ఎదురుగా మరో భారతం పెట్టారు. 1936లో తక్కెడ పట్టుకున్న మనిషి 1977లో ఆ తక్కెడలోనే తన బొమ్మ పెట్టినట్టయింది.

శోభన్‌బాబు మీద ఇంకా పెద్ద బరువు పడింది. ఆయనదీ అప్పటి కృష్ణా జిల్లాయే, మైలవరం దగ్గర చిననందిగామ. విడుదలైన జనవరి 14 ఆయన పుట్టినరోజు. సరిగ్గా 40 నిండాయి. అంతకుముందు 'బుద్ధిమంతుడు'లో కృష్ణుడు వేసి మెప్పించినవాడే. అయినా ఎదుట ఉన్నది మామూలు కృష్ణుడు కాదు. ఆ ఎన్టీఆర్ కృష్ణుడూ ఒక్కరోజులో కుదిరినవాడు కాదని ఇప్పటివాళ్ళకు చెప్పాలి. 1954లో 'ఇద్దరు పెళ్ళాలు'లో తొలిసారి ఆ వేషం కట్టినప్పుడు జనానికి ఆనలేదు. 'మాయాబజార్'కు ఆయన్నే కృష్ణుడిగా పెట్టాలని కె.వి.రెడ్డి పట్టుబట్టారు. 1957 మార్చి 27న ఆ సినిమా వచ్చాక తెలుగిళ్ళల్లో కృష్ణుడి మొహమే మారిపోయింది. క్యాలెండర్లలో, పూజ గదుల్లో ఆ మొహమే. అలాంటి మొహం పక్క హాల్లో ఉండగా ఇంకొకరు పింఛం పెట్టుకోవాలంటే గుండె ఉండాలి.

అయితే డెల్టాకు ఇద్దరు కృష్ణులు కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా కాంట్రాక్టు నాటకాలుగా ఆడిన రోజుల్లో, ఒక్క రాత్రిలో పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు దిగేవాళ్ళు. బందా కనకలింగేశ్వరరావు, అబ్బూరి వరప్రసాదరావు, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు. ఒకరి రాగం, ఒకరి భావం, ఒకరి అర్థం విరిచే తీరు. చాప మీద కూర్చున్న రైతు తెల్లారేదాకా బేరీజు వేసేవాడు. నచ్చితే వన్స్‌మోర్. నచ్చకపోతే బీడీ వెలిగించుకోవడానికి లేచిపోయేవాడు. ఆ చెవులతోనే, ఆ కళ్ళతోనే మా డెల్టా జనం సినిమా హాల్లోకి వచ్చారు.

మ్యాట్నీకి నాన్న చొక్కా జేబు చిరిగింది. టికెట్లు మాత్రం దొరికాయి. కురుక్షేత్రంలో యుద్ధం మొదలయ్యేసరికి నాన్న కుర్చీలో కూర్చోలేదు. గుర్రాలు, రథాలు, దుమ్ము. యుద్ధమంటే ఇట్లా ఉండాలని ఆయన ఈనాటికీ అంటాడు. కృష్ణ గాండీవం ఎత్తినప్పుడు హాలు కప్పు లేచిపోతుందేమో అనిపించిందట. మావయ్య చేతులు కట్టుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు రథం మీద శోభన్‌బాబు కనిపించాడు. పగ్గాలు పట్టుకుని, పెదవి చివర చిన్న నవ్వుతో. నాన్న అలవాటుగా పక్కకు చూశాడు. మావయ్య కాలు దించాడు. రెండు పాదాలూ చెప్పుల్లోంచి బయటికొచ్చి నేల మీద ఉన్నాయి.

ఆ సంగతి నాన్న ఆ రోజు ఎత్తలేదు. పదేళ్ళు దాచుకుని, ఒక పెళ్ళి పందిట్లో బయటపెట్టాడు.

సెకండ్ షో జనం గాంధీనగరం రోడ్ల మీదికి పొంగారు. ఆ పేటలోనే అప్పట్లో సినిమా పంపిణీ ఆఫీసులన్నీ ఉండేవి. ఏ బొమ్మ నిలుస్తుందో ఏది పడుతుందో ఊళ్ళకు ముందు అక్కడే తెలిసేది. దానవీరశూరకర్ణ దాదాపు నాలుగు గంటల సినిమా. ఎన్టీఆర్ కృష్ణుడు కనిపించగానే ముందు వరసల్లో హారతి కర్పూరం వెలిగింది. కానీ ఆ రాత్రి జనాన్ని ఊపేసింది దుర్యోధనుడు. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుణ్ణి కులమడిగినప్పుడు దుర్యోధనుడు లేచి నిలబడి మాట్లాడతాడు చూడండి, హాలు మొత్తం ఊపిరి బిగబట్టిందట. ఆ మాటలు రాసింది కొండవీటి వెంకటకవి, పొన్నూరు సంస్కృత కళాశాలలో పనిచేసిన పండితుడు. పొడవాటి సమాసాలు. మామూలుగా అయితే అలాంటి తెలుగు జనానికి అందదంటారు. అందింది. అర్థం తెలియని మాట కూడా ఎన్టీఆర్ గొంతులో బరువు తెలిసేలా పడింది. చదువు రానివాళ్ళు దాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పడం నేను చూశాను.

ఆట వదిలేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటింది. రైలు లేదు. స్టేషను ముందు సిమెంటు బల్ల మీద కూర్చుని తెల్లారేదాకా వాదించుకున్నారు.

"దుర్యోధనుడికి యుగళగీతమేంటోయ్? భారతంలో ఎక్కడుంది?"

"అది లేకపోతే వాడూ మనిషేనని మీకెలా తెలుస్తుంది బావగారూ?"

"సరే. యుద్ధం సంగతి చెప్పు. మీదాంట్లో యుద్ధముందా?"

"మాటల్లోనే అయిపోయింది యుద్ధం. మీదాంట్లో ముగ్గురికీ వాటా వెయ్యడంతోనే సరిపోయింది. ఎవరి కథో తెలియలేదు. మాది కర్ణుడి కథ. పేరులోనే ఉంది."

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఒరేయ్, మనవాణ్ణి చూశావా?" అన్నాడు.

"ఎవర్ని?"

"కవుతరం కైకాలను."

కైకాల సత్యనారాయణ ఊరు గుడ్లవల్లేరు దగ్గర కవుతరం. ఆ బందరు రైలు మార్గంలోనే వస్తుంది. ఆ సంక్రాంతికి ఆయన కురుక్షేత్రంలో దుర్యోధనుడు, దానవీరశూరకర్ణలో భీముడు. మ్యాట్నీలో గదకు తొడ అప్పగించాల్సినవాడు, సెకండ్ షోలో ఆ గద పట్టుకునేవాడయ్యాడు. రెండు సైన్యాల్లోనూ జీతం తీసుకుని రెండు చోట్లా నిజాయితీగా పోరాడినవాడు ఆయన.

"బావా! నిజమే బావా!" అని మావయ్య బల్ల మీంచి లేచాడట. అప్పటిదాకా 'బావగారూ' అంటున్నవాడు ఆ క్షణం నుంచి 'బావా' అన్నాడు. మళ్ళీ వెనక్కి పోలేదు. ఏ దుర్యోధనుడు మేలో వాళ్ళు తేల్చుకోలేకపోయారు. ఎన్టీఆర్‌ది రాజసం, సత్యనారాయణది రొమ్ము విరుచుకున్న మొండితనం. ఏ భీముడు మేలో అసలు ప్రశ్నే రాలేదు.

ఇడ్లీల డబ్బులు ఎవరిచ్చారన్నది మాత్రం ఈనాటికీ తగువే. నేనిచ్చానంటే నేనిచ్చానంటారు ఇద్దరూ. ఓడిపోయానని ఒప్పుకోవడానికి ఇంత పోటీపడే మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు.

ఊళ్ళ తీర్పు కొద్ది వారాల్లోనే తేలింది. దానవీరశూరకర్ణ జనప్రవాహమైంది. కురుక్షేత్రం వెనకబడింది. కర్ణ మాటలు గ్రామఫోను రికార్డులుగా వచ్చి పెళ్ళి పందిళ్ళలో, కాఫీ హోటళ్ళలో మోగాయి. దూడకు మేత వేస్తూ నాన్న దుర్యోధనుడి మాటలు పలుకుతుంటే అమ్మ విని, పుట్టింటికి ఉత్తరంలో రాసిందట. నన్నడిగితే, మాట విషయంలో కర్ణదే పైచెయ్యి, సందేహం లేదు. సేనల కదలిక, యుద్ధం ఊపు కురుక్షేత్రంలో ఉన్నంత దానిలో లేవు. ఆ రెంటినీ మించి నిలబడేది నర్తనశాల. అంటే ఆ సంక్రాంతి యుద్ధంలో ఓడిన దర్శకుడే ఆ యుద్ధానికి 14 ఏళ్ళ ముందు గెలిచేశాడు. కామేశ్వరరావు గారు ఆ తర్వాత కూడా పౌరాణికాలు వదల్లేదు. 1998 జూన్ 29న కన్నుమూశారు.

2021 డిసెంబరులో మా అబ్బాయి కొత్త స్పైడర్‌మ్యాన్ సినిమా చూసి ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడు. వాడికి ఆ మార్వెల్ సినిమాలన్నీ వరసగా నోటికొచ్చు. ఏది మొదటిది, ఏది దానికన్నా ఒక మెట్టు కింద, ఎందుకు. "తాతయ్యా, ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఒకేసారి వచ్చారు తెలుసా! టోబీ, ఆండ్రూ, టామ్!" అన్నాడు. నాన్న కళ్ళజోడు తీశాడు.

"ముగ్గుర్లో ఎవరు బాగా చేశారురా?"

వాడు మొదలుపెట్టాడు. ఒకడి బాధ బాగుంది, ఒకడి మాట బాగుంది, ఒకడి దూకుడు బాగుంది. నాన్న మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నాడు. అయ్యాక, "మా ఊళ్ళో ముగ్గురు కృష్ణులు వచ్చేవాళ్ళు. రాయబారం కృష్ణుడి సంగతి చెప్తాను, ఇలా కూర్చో" అన్నాడు. ఆ రాత్రి వాళ్ళు పడుకునేసరికి ఒంటిగంట.

మరుసటి ఏడాది, 2022, కురుక్షేత్రం మా ఇంట్లో ఒక్కొక్కరుగా ఖాళీ అయింది. సెప్టెంబరు 11న కృష్ణంరాజు పోయారు. మావయ్య ఫోన్ చేసి, "బావా, మీ కర్ణుడు" అన్నాడు. నవంబరు 15న కృష్ణ. ఆ రోజు మావయ్య ఫోన్ చెయ్యలేదు. గుడివాడలో బస్సెక్కి, మధ్యాహ్నానికి తెనాలిలో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఇద్దరూ టీవీ ముందు కూర్చున్నారు. ఒక్క మాటా లేదు.

డిసెంబరు 23న పొద్దున్నే కైకాల సత్యనారాయణ వార్త వచ్చింది. నాన్న ఫోన్ తీసుకుని నంబరు నొక్కాడు. ఎంగేజ్. మళ్ళీ నొక్కాడు. ఎంగేజ్. "వీడెవడితో మాట్లాడుతున్నాడు?" అని విసుక్కుంటూ మూడోసారీ నొక్కాడు. నేను చెయ్యి పట్టుకుని, "కాసేపు ఆగు నాన్నా, మావయ్య కూడా నీకే చేస్తున్నట్టున్నాడు" అన్నాను.

ఫోన్ బల్ల మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే మోగింది.